ముక్కు దించిన చోటు

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక కొండ, ఆ కొండవాలు నిండా మోదుగ చెట్లు.

మోదుగ మీకు తెలియనిదేం కాదు. మొన్న వనభోజనాల్లో విస్తరిలోంచి పప్పు కారిపోయిందని గోల చేశారే, ఆ ఆకు మోదుగాకే. కారడంలో ఆకు తప్పేం లేదు. మధ్యలో వేలు పెట్టి పొడిచింది ఎవరో నాకు తెలుసు. ఇప్పుడా గొడవ వద్దు, కథ వినండి.

ఆ అడవిలో ఎవరి పని వాళ్ళకు ఉండేది. కొండ నెత్తిన, ఎండా గాలీ బాగా తగిలే బండల కింద తేనెటీగలు పట్టు పెట్టేవి. కాస్త కిందికి దిగితే మద్ది చెట్లు. అక్కడ పట్టుపురుగులు ఆకు మేసి పట్టుకాయలు కట్టేవి. ఇంకా కిందికి పోతే వాగు. వాగు పక్కన ఎప్పుడూ తడి ఉంటుంది కాబట్టి పొడుగాటి గడ్డి పెరిగేది. ఆ గడ్డితో గిజిగాళ్ళు గూళ్ళు అల్లేవి. నాలుగు నెలలు వాన, మిగతా నెలలన్నీ ఎండ ఉండే కొండవాలు మీద మాత్రం మోదుగలు. ఆ మోదుగల మీద లక్క పని. ఎవరికి ఏ పనో ఎవరూ కూర్చుని పంచిపెట్టలేదు. వానను బట్టి చెట్టు మొలిచింది, చెట్టును బట్టి పని వచ్చింది.

లక్క అంటే ఏమిటంటారా? మీ లక్కపిడతల మీద ఆ ఎర్రటి మెరుపు ఉందే, అదీ. మీ అత్త చేతికి వేసుకునే గాజులు కూడా. దాన్ని చేసేది ఒక పురుగు. ఆవగింజలో సగం కూడా ఉండదు. ఛీ పురుగా అనకండి. మనం ఇల్లు కట్టుకోవాలంటే ఇటుకలు కావాలి, ఇసుక కావాలి, మేస్త్రీ వెంట పదిసార్లు తిరగాలి. అది చెట్టు రసం తాగి, తన ఒంట్లోంచే లక్క తీసి, తన ఇల్లు తనే కట్టుకుంటుంది. పిల్లలు పుట్టి బయటికి వెళ్ళిపోయాక, ఆ ఖాళీ ఇళ్ళనే మనుషులు వచ్చి గీరుకుపోతారు.

ఈ లక్కపురుగుల బతుకు చిత్రమైంది. పుట్టినప్పుడు వాటికి కాళ్ళుంటాయి, కళ్ళుంటాయి. ఒకటి రెండు రోజులు కొమ్మల మీద తిరుగుతాయి. నచ్చిన చోట సూదిలాంటి ముక్కును బెరడులోకి దించుతాయి. అంతే. ఆ తర్వాత కాళ్ళు ఊడిపోతాయి, కళ్ళు పోతాయి. బతికినంత కాలం అదే చోటు, అదే రసం. మనకు కాలు జారితే తీసుకోవచ్చంటారు. వాటికి ముక్కు దిగితే తీసుకోవడం ఉండదు.

అందుకే వాళ్ళలో ఒక ఆచారం ఉంది. ముక్కు దించే ముందు, ముక్కు కొసను బెరడుకు తాకించి ఒక్క చుక్క రుచి చూడాలి. తియ్యగా ఉంటేనే దించాలి. లేకపోతే కాళ్ళున్నప్పుడే ఇంకో చోటికి నడవాలి.

ఒక కార్తీక మాసంలో, వానలు పోయి చలి మొదలైనప్పుడు, ఆ కొండవాలు మీద ఒక మోదుగ కొమ్మకు ఇద్దరు అక్కచెల్లెళ్ళు పుట్టారు. వాళ్ళతో పాటు ఇంకా చాలామంది పుట్టారనుకోండి, మనకు కావలసింది ఈ ఇద్దరే. పెద్దది కెంపి. చిన్నది లత్తుక.

వాళ్ళు బయటికి వస్తుంటే తల్లి గూడు లోపల్నుంచి నీరసంగా చెప్పింది.

"పిల్లలూ, ఆకు చూసి మోసపోకండి. రెమ్మ చూడండి, రసం చూడండి. మాఘం వచ్చేసరికి ఈ చెట్టు మీద ఒక్క ఆకు కూడా ఉండదు. చెట్టు చచ్చిపోయిందని భయపడకండి. నీళ్ళు లేని రోజుల్లో అది ఆకులు వదులుకుని రసం దాచుకుంటుంది. ఆ రసమే మీ కూడు, మీ పని. ఈ మాట మీ అమ్మమ్మ నాకు చెప్పింది."

కెంపి ఆ మాట విని ఊరుకుంది. లత్తుక ఊరుకునే రకం కాదు.

"అక్కా, అమ్మ వానల్లో పుట్టి వానల్లోనే బతికింది. ఆ బోడి చెట్టును అమ్మ ఎప్పుడైనా చూసిందా?" అంది.

"అమ్మమ్మ చూసింది కదే," అంది కెంపి.

"అమ్మమ్మను మనం చూశామా? ఆకులే లేని చెట్టు మీద వైశాఖం ఎండలో కూర్చుంటే మాడిపోమూ?"

కెంపి మెల్లగా ఒక లేత రెమ్మ దాకా నడిచింది. ముక్కు కొస తాకించి రుచి చూసింది. "తియ్యగా ఉంది లత్తుకా, రా," అని పిలిచింది.

సరిగ్గా అప్పుడు ఆ కొమ్మ మీదికి ఒక ఉడుత వచ్చింది. నాకు ఉడుతల మీద పగేం లేదు గాని, నోరు కాస్త తగ్గించుకుంటే బాగుండును అనిపిస్తుంది. ఈ ఉడుతకు అడవిలో తెలియని చెట్టు లేదు, చెప్పుకోని గొప్ప లేదు. లత్తుక మాట దాని చెవిన పడింది.

"ఎండకు భయపడే పిల్లవు ఈ దిక్కుమాలిన కొండ మీద ఎందుకమ్మా? కింద వాగు పక్కన నేరేడు చెట్టుంది. దాని ఆకు రాలదు. చైత్ర వైశాఖాల్లో కూడా చల్లటి నీడ. మధ్యాహ్నం నేను కునుకు తీసేది అక్కడే," అంది.

ఉడుత అబద్ధం చెప్పలేదు. కునుకు తీయడానికి అది చాలా మంచి చెట్టు. లక్క పనికి ఎలా ఉంటుందో ఉడుతకు తెలియదు, లత్తుక అడగలేదు.

"అక్కా, మనిద్దరం నేరేడు చెట్టుకు వెళ్దాం," అంది లత్తుక.

"దూరపు కొండలు నునుపంటారు. నీకు దూరపు లోయ నునుపుగా ఉన్నట్టుంది," అంది కెంపి. "మనవాళ్ళెవరూ ఆ చెట్టు మీద పని చేసినట్టు నేను వినలేదు. నేను రాను. నువ్వూ వెళ్ళకు."

"ఇక్కడైతే మాడిపోతాను."

"పోనీ వెళ్ళేముందు ఈ రసం ఒక్కసారి రుచి చూడు."

"చూస్తే వెళ్ళాలనిపించదేమో," అంది లత్తుక. అని, ఉడుత తోక మీదికి ఎక్కింది.

ఉడుత పరుగు తీసింది. వెనక నుంచి కెంపి గొంతు చిన్నగా వినిపించింది. "ముక్కు దించే ముందు రుచి చూడటం మరిచిపోకే."

నేరేడు చెట్టు ఉడుత చెప్పినట్టే ఉంది. ఆకులు నిగనిగలాడుతున్నాయి. కింద వాగు పారుతోంది. తోక మీద ఊగి ఊగి లత్తుక అలిసిపోయింది. చల్లగాలి ఒంటికి తగిలింది. ఇంత చల్లటి చోట రసం చేదుగా ఎందుకుంటుంది అనుకుంది. కొస తాకించలేదు, చుక్క రుచి చూడలేదు. హాయిగా ఒళ్ళు వాల్చి ముక్కు దించేసింది.

మొదటి గుక్క తాగింది. వగరు.

పచ్చి నేరేడు కాయ తిని నాలుక బయటపెట్టుకుని ఇల్లంతా తిరిగారే, ఆ వగరు. మీరు బెల్లం ముక్క నోట్లో వేసుకున్నారు, సరిపోయింది. లత్తుకకు బెల్లం ఎవరిస్తారు? ఆమె ముక్కు పైకి లాగాలని చూసింది. రాలేదు. కొన్నాళ్ళకు కాళ్ళు ఊడిపోయాయి, కళ్ళు పోయాయి. చుట్టూ ఉన్న చల్లటి చీకట్లో ఆమె ఒక్కతే మిగిలింది.

ఇప్పుడు చీమత్త సంగతి చెప్పాలి. లక్కపురుగులు రసం తాగి ఒక తియ్యటి చుక్క బయటికి వదులుతాయి. ఆ తీపి కోసం చీమలు వస్తాయి. ఊరికే తినిపోవు. లక్క ఇళ్ళ మీద బూజు పట్టకుండా తుడుస్తాయి, కరిచే పురుగులు వస్తే తరుముతాయి. రెండు జాతుల మధ్యా ఆ ఇచ్చిపుచ్చుకోవడం ఎప్పటి నుంచో ఉంది. కెంపి ఉన్న కొమ్మకు వచ్చే నల్లచీమల్లో ఒక పెద్దామె ఉండేది. నోరు కటువు. అందరూ ఆమెను చీమత్త అనేవారు.

పుష్య మాసంలో కెంపి ఆమెను బతిమాలింది. "అత్తా, కింద నేరేడు మీద మా చెల్లి ఉంది. ఎలా ఉందో చూసిరావూ?"

"అంత దూరం నేను నడవాలా? సరేలే," అని గొణుక్కుంటూ చీమత్త కొండ దిగింది.

నేరేడు కొమ్మ మీద వెతగ్గా వెతగ్గా లత్తుక కనిపించింది. "మీ అక్క పంపింది. ఎలా ఉన్నావమ్మాయ్?" అంది చీమత్త.

అక్క పేరు వినగానే లత్తుకకు రసం వగరుగా ఉందని, ఒంటరిగా ఉన్నానని చెప్పేయాలనిపించింది. కానీ వద్దన్నా వినకుండా వచ్చింది తనే కదా. ఏ మొహం పెట్టుకుని చెబుతుంది?

"చాలా బాగున్నాను. ఇక్కడ చల్లగా ఉంది. నా ఇల్లు రోజురోజుకూ పెద్దదవుతోందని అక్కకు చెప్పు," అంది.

చీమత్త ఆ ఇంటి చుట్టూ తిరిగి చూసింది. ఉల్లిపొరంత కూడా లేదు. "ఇదేనా ఆ పెద్ద ఇల్లు?" అంది.

"చెప్పమన్నది చెప్పు అత్తా."

"నాకెందుకమ్మా. నేను మాట మోసేదాన్నే గాని తూచేదాన్ని కాదు," అంటూ చీమత్త కొండెక్కింది.

ఆ కబురు విని కెంపి, "అమ్మయ్య, బాగుంది," అంది. బాగుందని తెలిసినా మనసు కుదుటపడకపోవడం ఏమిటో ఆమెకు అర్థం కాలేదు.

తర్వాత మాఘం వచ్చింది. కొండవాలు మీద మోదుగలన్నీ ఆకు రాల్చేశాయి. ఫాల్గుణంలో మళ్ళీ చీమత్త దిగివచ్చింది. ఈసారి నోట్లో ఒక తియ్యటి చుక్క పెట్టుకుని వచ్చింది. అది కెంపి ఇచ్చిన చుక్క.

"మీ అక్క నీకిమ్మంది. దారంతా మింగకుండా తెచ్చాను, నన్ను మెచ్చుకో," అని దాన్ని లత్తుక ఇంటి వాకిట పెట్టింది.

లత్తుక ముక్కు నేరేడు బెరడులో ఉంది. ఆ చుక్కను ఎలా తాగుతుంది? వాసన మాత్రం లోపలికి వచ్చింది.

"చెట్టు ఎలా ఉంది అత్తా?" అంది.

"ఒక్క ఆకు లేదు. కొండంతా ఎర్రటి పూలే. చిలకలూ గోరింకలూ పూల కోసం కొట్టుకుంటున్నాయి. ఆ గోలకు నాకు తలనొప్పి."

"మా అక్క?"

"మీ అక్కకేం? ఇల్లు గట్టిగా కడుతోంది. ఆ రెమ్మ మీద అందరి ఇళ్ళూ ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఏ గోడ ఎవరిదో వాళ్ళకే తెలియదు. పొద్దస్తమానం కబుర్లు."

లత్తుక ఏడ్చింది. కళ్ళు లేని వాళ్ళు ఏడిస్తే పైకి కనిపించదు. ఆ రాలిన ఆకులు, ఆ ఎర్రటి పూలు, పక్కింటి గోడకు ఆనుకున్న గోడ, అన్నీ కావాలనిపించాయి. తను భయపడి పారిపోయి వచ్చిన ఆ బోడి చెట్టు మీదే ఆమె ప్రాణమంతా ఉంది. అయినా ఏమని కబురు పంపిందో తెలుసా?

"చాలా బాగున్నానని చెప్పు అత్తా."

ఇలాంటి వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, జాలీ వేస్తుంది.

చీమత్త వెళ్ళబోతూ ఆగింది. తడీ నీడా కలిసి లత్తుక ఇంటి మీద తెల్లగా బూజు పడుతోంది. తీపి లేని చోటుకు చీమలు రావు కాబట్టి తుడిచే దిక్కు లేదు. "తీపి ముట్టకుండా పని చేయడం మా ఇంటా వంటా లేదు," అని తిట్టుకుంటూనే చీమత్త ఆ బూజంతా తుడిచి వెళ్ళింది.

వైశాఖం వచ్చింది. అడవి కాగిపోయింది. చీమత్త మూడోసారి దిగివచ్చినప్పుడు ఆమె నడకలో ఊపు లేదు.

"అక్క ఏమంది అత్తా?" అంది లత్తుక.

"బాగున్నానని చెప్పమంది."

"హమ్మయ్య."

"హమ్మయ్యా లేదు, గిమ్మయ్యా లేదు," అంది చీమత్త కోపంగా. "ఇక ఈ మోత నావల్ల కాదు. పైనుంచి ఒక అబద్ధం, కిందనుంచి ఒక అబద్ధం. మధ్యలో నా కాళ్ళు అరుగుతున్నాయి. మీ అక్క బాగాలేదు. ఈ ఎండలకు ఆ రెమ్మ మీద సగం మంది పోయారు. మీ అక్క పక్క వరస మొత్తం పోయింది. నువ్వు బెంగపడతావని చెప్పొద్దంది. నువ్వేమో ఇక్కడ శల్యమై ఉండి పెద్ద ఇల్లంటావు."

అక్క పక్క వరస పోయిందన్న మాట విన్నాక లత్తుకలో దాచుకున్నదంతా కట్టలు తెంచుకుంది.

"అత్తా, నేను బాగాలేను. వచ్చిన మొదటి రోజు నుంచీ బాగాలేను. రుచి చూడకుండా ముక్కు దించాను. ఈ రసం వగరు. ఎంత తాగినా లక్క రాదు. ఇదంతా నాకైతే సరే అనుకున్నాను. కానీ నా కడుపులో పిల్లలున్నారు. ఆషాఢంలో బయటికి వస్తారు. కళ్ళు తెరవగానే చుట్టూ నేరేడు ఆకే కనిపిస్తుంది. వాళ్ళూ ఇక్కడే ముక్కు దించుతారు. ఒక్కరూ బతకరు. ఏం చేయాలో అక్కను అడుగు."

చీమత్త కదలబోతుంటే మళ్ళీ అంది.

"నాకు ఇంటికి రావాలని ఉంది అత్తా. రాలేనని తెలుసు. అయినా రావాలనే ఉంది."

చీమత్త ఎండలో కొండెక్కి, ఆ మాటల్లో ఒక్కటి కూడా తగ్గించకుండా కెంపికి చెప్పింది.

కెంపి అంతా వింది. తర్వాత అంది. "అత్తా, చెల్లికి ఇలా చెప్పు. కొండ మీద సుఖం ఉందని నేను ఎప్పుడూ అనలేదు. ఎండ ఉంది, చావు ఉంది. కానీ మనకు చేతనైన పని ఈ చెట్టు మీదే సాగుతుంది. నువ్వు రాలేవు. నీ పిల్లలు రాగలరు, వాళ్ళకు కాళ్ళుంటాయి. ఈ రోజు నుంచి ఇల్లు కట్టడం మానెయ్. తాగిన ప్రతి చుక్కా పిల్లల కోసం దాచు. ఆషాఢంలో నేరేడు పండ్లకు ఉడుత మామ వస్తాడు. నువ్వు ఏ తోక మీద వెళ్ళావో ఆ తోక మీదే వాళ్ళను పంపు."

ఇల్లు కట్టడం మానెయ్ అనడం మనకు చిన్న మాటలా ఉంటుంది. లక్కపురుగుకు అది తలవంపు. ఎవరి గోడ ఎంత మందమో చెప్పుకుని మురిసిపోయే జాతి అది. పైగా ఇల్లు పలచబడితే ఎండా వానా నేరుగా ఒంటికే తగులుతాయి. ఆ సంగతి కెంపికి తెలుసు. లత్తుకకూ తెలుసు.

కబురు అందిన పూటే లత్తుక పని ఆపేసింది. ఉన్న ఉల్లిపొర గోడ అక్కడక్కడా పగిలింది. ఆమె పట్టించుకోలేదు. ఆ వగరు రసాన్నే గుటకలు గుటకలుగా తాగి, ఆ బలమంతా పిల్లలకే దాచింది. ఇంటి మీద బెంగ తగ్గిందా అంటే తగ్గలేదు. అబద్ధం ఆడటం మానేశాక ఇంకా ఎక్కువైంది. కానీ ఇప్పుడు ఆ బెంగకు ఒక పని దొరికింది.

ఆషాఢం వచ్చింది. వానలు పడ్డాయి. నేరేడు చెట్టు నిండా పండ్లు నల్లగా నిగనిగలాడాయి. మూతంతా ఊదారంగు పూసుకుని ఉడుత అక్కడ ప్రత్యక్షమైంది. చీమత్త దాని దారికి అడ్డంగా నిలబడింది.

"ఉడుతా, కార్తీకంలో నువ్వు ఇక్కడికి తెచ్చిన పిల్ల గుర్తుందా?"

"ఏ పిల్ల?" అంది ఉడుత పండు నములుతూ.

"నీ కునుకు చెట్టును మెచ్చి నీ వెంట వచ్చిన పిల్ల. అదిగో, ఆ బూజు కింద ఉంది చూడు."

ఉడుత తొంగి చూసింది. నోట్లో పండు అలాగే ఉండిపోయింది. "నేను చెట్టు చల్లగా ఉంటుందన్నానంతే," అంది చిన్నగా.

"నిన్ను తప్పు పట్టడానికి రాలేదు. తోక చాచి కదలకుండా కూర్చో. నీకు అలవాటు లేని పనే. అయినా కూర్చో," అంది చీమత్త.

ఉడుత తోక చాచి కూర్చుంది. ఆ పూట అది ఒక్క మాట కూడా మాట్లాడలేదు. కావాలంటే ఉడుతలు నోరు మూసుకోగలవన్నమాట.

లత్తుక పిల్లలు ఒకరి వెనక ఒకరు బయటికి వచ్చారు. కొండ మీద తల్లులకు పిల్లలు వందల్లో పుడతారు. లత్తుకకు పుట్టింది గుప్పెడు మంది. అందరూ బక్కగా ఉన్నారు. నీడ చూసి ఇద్దరు ముగ్గురు ఆకుల వైపు పోబోయారు. చీమత్త అదిలించి తోక మీదికి తోలింది.

"నాన్నలూ, రుచి చూశాకే ముక్కు దించండి. ఎంత అలిసిపోయినా సరే. చెట్టు ఎంత అందంగా ఉన్నా సరే," అంది లత్తుక.

అందరికంటే చిన్న పిల్ల ఆమె గోడ దగ్గరే ఆగిపోయింది. "అమ్మా, నువ్వు రావా?" అంది.

"నేను ఇక్కడ ముక్కు దించాను కదమ్మా."

"అక్కడి రసం ఎలా ఉంటుందమ్మా?"



"నాకు తెలియదు తల్లీ," అంది లత్తుక. "ఇన్నాళ్ళూ దాని గురించే తలుచుకున్నాను గాని, నేనెప్పుడూ రుచి చూడలేదు. అక్క చూడమంది, చూడకుండానే వచ్చేశాను. నువ్వు చూసి నాకు కబురు పంపు."

ఆ పిల్ల తల ఊపి తోక ఎక్కింది. ఉడుత ఈసారి గెంతలేదు. వానలో తడుస్తూ, తోక పైకెత్తి పట్టుకుని, మెల్లగా కొండెక్కింది. చీమత్త వెనకే నడిచింది.

మోదుగలు కొత్త చిగుళ్ళు వేశాయి. కెంపి పిల్లలు అప్పుడే బయటికి వస్తున్నారు. కెంపికి ఒంట్లో శక్తి అయిపోయింది. రెమ్మ మీద చిన్న చిన్న అడుగుల చప్పుడు ఆమెకు తెలుస్తోంది. వాటిలో కొన్ని అడుగులు తడబడుతున్నాయి.

"ఎవరు వాళ్ళు?" అంది కెంపి.

"నీ చెల్లెలి పిల్లలు," అంది చీమత్త.

"వచ్చారా," అంది కెంపి. "రండమ్మా. ఈ పక్కకు రండి. ఇక్కడ రెమ్మ లేతగా ఉంటుంది."

చిన్న పిల్ల ముందుకు నడిచింది. ముక్కు కొస బెరడుకు తాకించింది. ఒక్క చుక్క రుచి చూసింది.

"చీమత్తా, తియ్యగా ఉందని మా అమ్మకు చెప్పు," అంది. అప్పుడు ముక్కు దించింది.

చీమత్త అలిసిపోయి ఉంది. వాన ఇంకా తగ్గలేదు. అయినా వెనక్కి తిరిగింది. జారుతూ, ఆగుతూ, వాగు పక్కకు దిగి నేరేడు కొమ్మ ఎక్కింది.

లత్తుక ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. చీమత్త మెల్లగా తట్టింది. లోపల ఎవరూ లేరు. ఎండిన పొర ఒకటి బెరడుకు అంటుకుని ఉంది, అంతే. పిల్లలు కొండ చేరేలోపే లత్తుక వెళ్ళిపోయింది.

చీమత్త అక్కడే నిలబడింది. ఖాళీ ఇంటికి కబురు చెప్పడం ఆమె జన్మలో ఎరగదు. చీమల్లో ఎవరైనా చూస్తే నవ్వుతారు. ఆమె చుట్టూ చూసింది. తర్వాత ఆ పగిలిన గోడకు నోరు ఆనించింది.

"లత్తుకా, తియ్యగా ఉందట," అంది.

నీతి: ఒంటికి నీడనిచ్చే చెట్టు వేరు, చేతికి పనినిచ్చే చెట్టు వేరు. ఎండావానలను బట్టి ఏ నేల ఏ పనికి కూడు పెడుతుందో రుచి చూసి తెలుసుకున్నాకే అక్కడ కుదురుకోవాలి. పొరపాటున తప్పు చోట కుదురుకుంటే దాచుకోకుండా చెప్పుకోవాలి. మనకు కాకపోయినా మన పిల్లలకు దారి దొరుకుతుంది.